తలుపు మూశాకే జీతం

మన సీనియర్లు ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్ళే దారి దాదాపు ఒకేలా ఉంటుంది. శంషాబాద్ నుంచి దోహానో దుబాయో, అక్కణ్నుంచి చికాగోనో డల్లాసో. ఇక్కడిదాకా పెద్ద విమానాలే. ఆ తర్వాత చివరి ముక్క ఒకటి మిగులుతుంది. విచిటా, డేటన్ లాంటి యూనివర్సిటీ ఊళ్ళకి గంటా రెండు గంటల ప్రయాణం. దానికి ఎక్కేది చాలాసార్లు చిన్న విమానం, 50 నుంచి 76 సీట్లు. తోక మీద యునైటెడ్ గుర్తో, అమెరికన్ గుర్తో, డెల్టా గుర్తో ఉంటుంది. కానీ టికెట్ జాగ్రత్తగా చదివితే చిన్న అక్షరాల్లో ఇంకో పేరు కనిపిస్తుంది: ఈ విమానాన్ని నడిపేది స్కైవెస్ట్ అనో, రిపబ్లిక్ అనో, ఎన్వాయ్ అనో.

వీటినే రీజినల్ ఎయిర్‌లైన్స్ అంటారు. ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు పైలట్లూ ఈ చిన్న పేరున్న కంపెనీ ఉద్యోగులు. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు గీతలు, చక్రాల సూట్‌కేసు చూసి మనం "అబ్బ, ఏం లైఫ్ రా" అనుకుంటాం. చాలా ఏళ్ళపాటు ఆ లైఫ్ పైన పటారం, లోన లొటారం. వాళ్ళ పని ఎలా నడుస్తుంది, జీతం ఎప్పటి నుంచి లెక్కేస్తారు, డ్యూటీకి ఎక్కణ్నుంచి వస్తారు, అసలు ఎప్పుడు పడుకుంటారు అనేది చూద్దాం. ఇది వాళ్ళ కష్టాల కథ మాత్రమే అనుకోకండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి కూడా ఇందులో వాటా ఉంది.

రంగు ఒకరిది, విమానం ఇంకొకరిది

1978 దాకా అమెరికాలో ఏ ఎయిర్‌లైన్ ఎక్కడికి ఎగరాలి, టికెట్ ఎంతకి అమ్మాలి అనేది ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ డీరెగ్యులేషన్ చట్టం మీద సంతకం పెట్టాక అది కంపెనీల ఇష్టానికి వచ్చింది. పెద్ద ఎయిర్‌లైన్లు రెండు మూడు పెద్ద ఊళ్ళని హబ్‌లుగా పెట్టుకుని, చుట్టుపక్కల చిన్న ఊళ్ళ జనాన్ని అక్కడికి చేర్చి, అక్కణ్నుంచి దూరాలకు పంపడం మొదలెట్టాయి. చిన్న ఊరికి పెద్ద విమానం గిట్టుబాటు కాదు. అందుకని ఆ చివరి ముక్కని వేరే కంపెనీలకి కాంట్రాక్టుకి ఇచ్చేశారు.

ఈ కాంట్రాక్టు మనకి కొత్తేం కాదు. గచ్చిబౌలిలో పెద్ద ఐటీ కంపెనీ ట్యాగ్ మెళ్ళో వేసుకుని తిరిగేవాళ్ళలో కొందరు ఆ కంపెనీ పేరోల్ మీద ఉండరు కదా, ఇదీ అంతే. టైమింగ్స్ పెద్ద కంపెనీ వేస్తుంది. టికెట్లు పెద్ద కంపెనీ అమ్ముతుంది. చాలా ఒప్పందాల్లో ఇంధనం ఖర్చూ దానిదే. విమానం నడిపినందుకు చిన్న కంపెనీకి ట్రిప్పుకి ఇంతని ఇస్తుంది. ఒప్పందం గడువు తీరితే ఇంకెవరు తక్కువకి నడుపుతారో చూస్తుంది.

ఇప్పుడు ఆ చిన్న కంపెనీ ఖర్చు ఎక్కడ తగ్గించుకోగలదో ఆలోచించండి. విమానం అద్దె తగ్గదు, మెయింటెనెన్స్ తగ్గించకూడదు. మిగిలేది మనుషుల జీతాలు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పైలట్లు ఏళ్ళ తరబడి అదే కంపెనీలో ఉంటే సర్వీసుతో పాటు జీతం పెరుగుతుంది, కంపెనీ ఖర్చూ పెరుగుతుంది, కొత్తగా పుట్టిన ఇంకో కంపెనీ తక్కువకి పాడుకుంటుంది. అంటే అనుభవం ఉన్న పైలట్లు ఎక్కువమంది ఉండటమే కాంట్రాక్టు పోవడానికి ఒక కారణం కావచ్చన్నమాట.

ఎంసెట్ ర్యాంకు లాంటి నంబరు

ఎయిర్‌లైన్లో చేరిన రోజే పైలట్‌కి ఒక సీనియారిటీ నంబరు ఇస్తారు. దీన్ని ఎంసెట్ ర్యాంకుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రతి నెలా కౌన్సెలింగ్ లాంటిది జరుగుతుంది, దాన్ని బిడ్డింగ్ అంటారు. ఏ ఊరు బేస్‌గా కావాలి, ఏ రోజులు సెలవు కావాలి, పొద్దున డ్యూటీయా రాత్రి డ్యూటీయా అని అందరూ ఆప్షన్లు పెడతారు. పై నంబరు వాళ్ళకి కోరుకున్నది దొరుకుతుంది. కింది నంబరు వాళ్ళకి మిగిలింది దొరుకుతుంది.

ఎంసెట్‌కీ దీనికీ తేడా ఏంటంటే, మన ర్యాంకు ఏ కాలేజీకైనా పనికొస్తుంది. పైలట్ సీనియారిటీ నంబరు ఆ ఒక్క కంపెనీలోనే చెల్లుతుంది. పదేళ్ళు పనిచేసి కంపెనీ మారితే కొత్తచోట మళ్ళీ ఆఖరి నంబరు, మొదటి ఏడాది జీతం. కంపెనీ మూతపడినా అంతే. అందుకే జీతం నచ్చకపోయినా, ఊరు నచ్చకపోయినా పళ్ళబిగువున ఉండిపోతారు.

అందరికంటే కింద ఉన్నవాళ్ళు రిజర్వ్‌లో ఉంటారు. వాళ్ళకి ఫిక్స్‌డ్ టైమ్‌టేబుల్ ఉండదు. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఎవరికో జ్వరం వచ్చిందనో, తుఫాను వచ్చి షెడ్యూల్ తారుమారైందనో ఫోన్ మోగితే సాధారణంగా రెండు గంటలు అటూఇటూలో ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఉండేది ఒక ఊళ్ళో, డ్యూటీ ఇంకో ఊళ్ళో

ఇక్కడే మనకి వింతగా అనిపించే విషయం మొదలవుతుంది. పైలట్ డ్యూటీ మొదలయ్యే ఊరిని బేస్ అంటారు. అది న్యూయార్క్ పక్కనున్న న్యూఆర్క్ కావచ్చు, చికాగో కావచ్చు. బేస్‌లోనే ఇల్లు ఉండాలన్న రూలు లేదు. వేలాదిమంది పైలట్లు ఇంకో రాష్ట్రంలో, కొన్నిసార్లు దేశం ఆ చివరన ఉంటారు. డ్యూటీకి విమానంలో వస్తారు, డ్యూటీ అయ్యాక విమానంలో ఇంటికెళ్తారు. దీన్నే వాళ్ళ భాషలో కమ్యూటింగ్ అంటారు.

"బేస్‌లోనే ఇల్లు తీసుకోవచ్చుగా" అని అడగొచ్చు. రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, కొత్త పైలట్ జీతానికి న్యూయార్క్ చుట్టుపక్కల ఇంటి అద్దె అందదు. రెండోది, బేస్ స్థిరం కాదు. కాంట్రాక్టు మారితే కంపెనీ ఈ బేస్ మూసేసి ఇంకోచోట తెరుస్తుంది. ప్రతిసారీ భార్య ఉద్యోగం మాన్పించి, పిల్లల బడి మార్పించి సామాను సర్దుకోవడం ఎవరివల్ల అవుతుంది? ఇల్లు ఉన్నచోటే ఉంచి మనిషి తిరుగుతాడు.

ఈ ప్రయాణానికి టికెట్ కొనక్కర్లేదు గానీ సీటు గ్యారంటీ లేదు. ఖాళీ ఉంటే ఎక్కడమే. ఖాళీ లేకపోతే కాక్‌పిట్‌లో పైలట్ల వెనకాల ఉండే చిన్న మడత సీటు, జంప్ సీటు అంటారు, అక్కడ ఆ విమానం కెప్టెన్ ఒప్పుకుంటే కూర్చోవచ్చు. అదీ నిండిపోతే తర్వాతి విమానం. సంక్రాంతి ముందు రోజు ఎంజీబీఎస్‌లో రిజర్వేషన్ లేకుండా నిలబడ్డట్టు అనుకోండి. కానీ డ్యూటీకి లేటైతే ఉద్యోగానికే ముప్పు. అందుకని ఒకటి పోయినా ఇంకోటి ఉండేలా, రెండు మూడు విమానాలు ముందే బయల్దేరతారు.

బేస్‌లో రాత్రి గడపాల్సి వస్తే హోటల్ ఖర్చు సొంతానిది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టినవే క్రాష్ ప్యాడ్‌లు. ఒక అపార్ట్‌మెంట్ నిండా బంకు మంచాలు, నెలకి ఇంతని అద్దె. మన హాస్టల్ రూమే, కాకపోతే రూమ్మేట్స్ రోజూ మారుతుంటారు. కాస్త ఎక్కువిస్తే మీకంటూ ఒక మంచం, తక్కువిస్తే ఆ రాత్రి ఏది ఖాళీగా ఉంటే అది. న్యూయార్క్ క్వీన్స్‌లోని క్యూ గార్డెన్స్ అనే పేట విమాన సిబ్బంది ఇలాంటి ఇళ్ళకి ఎంత పేరుపడిందంటే, దాన్ని సరదాగా 'క్రూ గార్డెన్స్' అని పిలుస్తారు.

మూడు గడియారాలు

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఒక పైలట్ రోజుని కొలవడానికి మూడు గడియారాలున్నాయి.

మొదటిది జీతం గడియారం. అమెరికాలో పైలట్‌కి జీతం గంటల లెక్కన. అయితే ఆ గంటలు తలుపులు మూసి, బ్రేక్ వదిలి, విమానం గేటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల ఊళ్ళో గేటు దగ్గర ఆగినప్పుడు ముగుస్తాయి. వాతావరణం రిపోర్టులు చదవడం, విమానం చుట్టూ తిరిగి పరీక్షించడం, జనం ఎక్కేదాకా ఆగడం, రెండు ట్రిప్పుల మధ్య ఖాళీగా కూర్చోవడం ఇందులోకి రావు. నెలకి కనీసం 75 గంటల అటూఇటూ ఇస్తామని గ్యారంటీ ఉంటుంది. బయట ఉన్నంతసేపూ భోజనానికని గంటకి రెండు డాలర్ల చొప్పున కొంత బత్తా వస్తుంది.

రెండోది డ్యూటీ గడియారం. డ్యూటీకి రిపోర్టు చేసిన నిమిషం నుంచి ఆఖరి విమానం ఆగేదాకా. ప్రభుత్వ నియమాలు చూసేది దీన్నే.

మూడోది ఒంటి గడియారం. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి మళ్ళీ మూసేదాకా. దీన్ని ఏ కంపెనీ రిజిస్టరూ రాసుకోదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పిట్స్‌బర్గ్‌లో ఇల్లు, న్యూఆర్క్‌లో బేస్. రిపోర్టు టైము మధ్యాహ్నం 12:30. సీటు దొరకదేమోనని భయం కాబట్టి మన పైలట్ తెల్లవారి 4కి లేచి, 6 గంటల విమానం ఎక్కి, ఏడున్నరకి న్యూఆర్క్ చేరాడు. అప్పట్నుంచి ఐదు గంటలు సిబ్బంది గదిలో కుర్చీలో జారబడి కూర్చున్నాడు. తర్వాత మూడు ట్రిప్పులు, ఒక్కోటి గంటంబావు. మధ్యలో రెండు గంటలు వర్షం వల్ల ఆలస్యం. ఆఖరి విమానం ఆగేసరికి రాత్రి 9 అయింది.

జీతం గడియారం మూడు గంటల ముప్పావు చూపిస్తుంది. డ్యూటీ గడియారం ఎనిమిదిన్నర గంటలు చూపిస్తుంది, అంటే చట్టం ప్రకారం హాయిగా లోపలే ఉన్నాడు. ఒంటి గడియారం మాత్రం 17 గంటలు చూపిస్తుంది. ఆ రోజు అన్నిటికంటే ముఖ్యమైన పని, చీకట్లో వర్షంలో విమానం దించడం, ఆ పదిహేడో గంటలో పడింది.

17 అనే అంకెకి ఒక అర్థముంది. 1997లో నేచర్ పత్రికలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకుల ప్రయోగం వచ్చింది. కొందరిని నిద్రపోనివ్వకుండా, ఇంకోసారి మద్యం తాగించి, ఒకే రకం చెయ్యి-కన్ను సమన్వయ పరీక్ష పెట్టారు. 17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ళ పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళతో సమానంగా తేలింది. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పెట్టే హద్దు 0.03 శాతం. తాగినవాణ్ణి పట్టుకోవడానికి మిషను ఉంది. నిద్రలేనివాణ్ణి పట్టుకునే మిషను లేదు, పైగా అలసిన మనిషికి తానెంత అలసిపోయాడో సరిగ్గా తెలీదు కూడా.

2009 ఫిబ్రవరి 12

ఇదంతా జనం దృష్టికి వచ్చింది ఒక ప్రమాదం తర్వాత. న్యూఆర్క్ నుంచి బఫెలో వెళ్ళే విమానం, నంబరు 3407. టికెట్ మీద కాంటినెంటల్ పేరు, నడిపింది కోల్గన్ ఎయిర్ అనే రీజినల్ కంపెనీ. రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరింది. రాత్రి పదింబావు దాటాక బఫెలో దగ్గర దిగబోతూ క్లారెన్స్ సెంటర్ అనే ఊళ్ళో ఒక ఇంటి మీద కూలిపోయింది. విమానంలో ఉన్న 49 మంది, ఆ ఇంట్లో ఒకరు, మొత్తం 50 మంది చనిపోయారు.

సాంకేతికంగా జరిగింది స్టాల్. దిగే ముందు వేగం తగ్గిపోతోందని ఇద్దరూ గమనించలేదు. స్టాల్ దగ్గరపడిందని హెచ్చరిస్తూ కంట్రోల్ కాలమ్ దానంతటదే వణకడం మొదలైంది. అప్పుడు చెయ్యాల్సింది ముక్కు కిందికి దించి వేగం పెంచుకోవడం. కెప్టెన్ కాలమ్‌ని వెనక్కి లాగాడు, ముక్కు ఇంకా పైకి లేచింది. హెచ్చరిక మొదలైన అర నిమిషంలోపే అంతా అయిపోయింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, ప్రధాన కారణంగా రాసింది ఈ తప్పు స్పందననే.

అయితే అదే దర్యాప్తులో మిగతా సంగతులూ బయటికొచ్చాయి. ఫస్ట్ ఆఫీసర్ వయసు 24. ఉండేది సియాటిల్ దగ్గర అమ్మానాన్నల ఇంట్లో, బేస్ దేశం ఆ చివరన న్యూఆర్క్. ముందురోజు రాత్రి సరుకు విమానంలో మెంఫిస్ దాకా, అక్కణ్నుంచి ఇంకో సరుకు విమానంలో న్యూఆర్క్‌కి వచ్చి, తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో దిగింది. పైగా జలుబు చేసి ఉంది. ఇప్పుడు ఒంట్లో బాలేదని చెబితే తగ్గేదాకా హోటల్ ఖర్చు తానే పెట్టుకోవాలి అన్న అర్థం వచ్చే మాట కాక్‌పిట్ రికార్డులో ఉంది. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలో. ముందురోజు రాత్రి ఎయిర్‌పోర్టులో సిబ్బంది గదిలోనే గడిపాడు. అక్కడ రాత్రి పడుకోకూడదని కంపెనీ నియమం. తెల్లవారుజామున మూడు దాటాక ఒకసారి, ఏడున్నర లోపు ఇంకోసారి కంపెనీ కంప్యూటర్లో లాగిన్ అయ్యాడు. ఏడింటికే లేచాడనుకున్నా, ప్రమాదం వేళకి కనీసం 15 గంటలు మెలకువగా ఉన్నట్టు.

ఇలాంటివాళ్ళు వీళ్ళిద్దరేనా? ఆ కంపెనీకి న్యూఆర్క్ బేస్‌లో 137 మంది పైలట్లుంటే, 93 మంది కమ్యూటర్లమని చెప్పుకున్నారు. అందులో 29 మంది ఇళ్ళు వెయ్యి మైళ్ళకి మించిన దూరంలో ఉన్నాయి. జీతం సంగతికొస్తే, ఫస్ట్ ఆఫీసర్‌కి ఏడాదికి 16 వేల డాలర్లని విచారణలో వినిపించింది. తర్వాత కంపెనీ ఆ అంకె సవరించి పెంచింది. పెంచినా 25 వేల లోపే.

మరి అలసట వల్లే విమానం కూలిందా? ఎన్‌టీఎస్‌బీ అంత మాట అనలేదు. అలసట ఇద్దరి పనితీరునీ దెబ్బతీసి ఉండొచ్చని, ఎంత మేరకో తేల్చలేమని రాసింది. అలసటని కూడా కారణాల జాబితాలో చేర్చాల్సిందని బోర్డు చైర్మన్ డెబొరా హెర్స్‌మన్ విడిగా అభిప్రాయం రాశారు.

కమ్యూటింగ్ చేసే ప్రతి పైలటూ ప్రమాదకరం అనుకోవడమూ తప్పే. ఈ ప్రమాదానికి సరిగ్గా నాలుగు వారాల ముందు, 2009 జనవరి 15న, హడ్సన్ నది మీద విమానం దించి 155 మందిని బతికించిన కెప్టెన్ సల్లెన్‌బెర్గర్ కూడా కమ్యూటరే. ఇల్లు కాలిఫోర్నియాలో, బేస్ నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. ఆయనే ఫిబ్రవరి 24న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, తన జీతం 40 శాతం తగ్గించారని, పెన్షన్ రద్దయిందని, ఇలాగైతే అనుభవమున్నవాళ్ళు ఈ వృత్తిలో మిగలరని చెప్పారు. దేశమంతా హీరో అన్న మనిషి నోట ఆ మాట వినేసరికి జనానికి తగిలింది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

3407లో చనిపోయినవాళ్ళ కుటుంబాలు ఊరుకోలేదు. వాషింగ్టన్ చుట్టూ తిరిగారు, కమిటీ గదుల్లో ఫోటోలు పట్టుకుని కూర్చున్నారు. 2010 ఆగస్టు 1న కొత్త చట్టం వచ్చింది. దానివల్ల మూడు మార్పులు జరిగాయి.

ఒకటి, ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా కెప్టెన్ స్థాయి లైసెన్సు తప్పనిసరి. దానికి మామూలుగా 1500 గంటల అనుభవం కావాలి. ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1000, మిలటరీ నుంచి వస్తే 750. దీని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది, ఎందుకంటే 3407లో ఇద్దరికీ 1500 గంటలకి పైనే ఉన్నాయి.

రెండు, విశ్రాంతి నియమాలు. 2014 జనవరి నుంచి అమల్లోకొచ్చిన వాటి ప్రకారం డ్యూటీల మధ్య విరామం కనీసం 10 గంటలు, అందులో 8 గంటలు నిద్రకి వీలుండాలి. ఇంతకుముందు ఆ విరామం 8 గంటలకి కూడా తగ్గేది. హోటల్‌కి వెళ్ళి, తిని, స్నానం చేసి, మళ్ళీ రావడం ఆ ఎనిమిదిలోనే. డ్యూటీ హద్దు కూడా ఎప్పుడు మొదలైందన్నదాన్ని బట్టి 9 నుంచి 14 గంటల మధ్య మారుతుంది. అర్ధరాత్రి దాటాక మొదలైతే తక్కువ, పొద్దునైతే ఎక్కువ. ఒంటి గడియారాన్ని చట్టం కొంతవరకు గుర్తించిందన్నమాట.

మూడోది చిన్నదే కానీ మనకి సంబంధించింది. టికెట్ అమ్మే వెబ్‌సైట్ ఆ విమానాన్ని అసలు నడిపేదెవరో వెతికిన మొదటి పేజీలోనే చెప్పాలి. 

మరి కమ్యూటింగ్ సంగతి? కాంగ్రెస్ అడిగితే నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం చేసి 2011లో నివేదిక ఇచ్చింది. దూరాన్ని బట్టి నియమం పెట్టడానికి సరిపడా ఆధారాలు లేవంది. అది నిజమే, ఎందుకంటే అరవై మైళ్ళు ట్రాఫిక్‌లో కారు నడిపి వచ్చినవాడికంటే, వెయ్యి మైళ్ళ దూరం నుంచి ముందురోజే వచ్చి హాయిగా పడుకున్నవాడు నయం. డ్యూటీకి ముందు కనీసం ఆరు గంటల నిద్ర ఉండేలా, డ్యూటీ ముగిసేసరికి మెలకువ 16 గంటలు దాటకుండా చూసుకోమని పైలట్లకి సలహా ఇచ్చింది. చివరికి చట్టం ఆ బాధ్యతని పైలట్ మీదే పెట్టింది. ప్రతి డ్యూటీకి ముందు "నేను ఫిట్‌గా ఉన్నాను" అని ఒప్పుకోవాలి. అలసిపోతే అలసిపోయానని చెప్పాలి.

వినడానికి బావుంది. కానీ హోటల్ ఖర్చుకి భయపడే జీతంలో ఆ మాట ఎంతమంది చెప్పగలరు?

అందుకే నాకు 2022లో జరిగింది ముఖ్యం అనిపిస్తుంది. కోవిడ్‌లో చాలామంది పైలట్లు ముందస్తు రిటైర్మెంట్ తీసుకున్నారు. విమానాలు మళ్ళీ నిండేసరికి పైలట్ల కొరత వచ్చింది. పెద్ద కంపెనీలు రీజినల్ పైలట్లని లాక్కోవడం మొదలెట్టాయి. ఆ ఏడాది జూన్‌లో అమెరికన్ గ్రూపుకి చెందిన ఎన్వాయ్, పీడ్‌మాంట్, పీఎస్‌ఏ కంపెనీలు మొదటి ఏడాది ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకి 90 డాలర్లు ప్రకటించాయి. పదిహేనేళ్ళ క్రితం అది 20 డాలర్ల అటూఇటూ ఉండేది. ఇన్నాళ్ళూ ఇవ్వలేం అన్న డబ్బు, అవసరం వచ్చేసరికి దొరికింది. గంటకి 90 వచ్చేవాడు ముందురోజే వచ్చి హోటల్లో పడుకోగలడు. కమ్యూటింగ్‌కి చట్టం చెయ్యలేని పని కొంత జీతం చేసింది.

మన దగ్గర

మన దేశంలో ఏర్పాటు కాస్త వేరు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. దాన్ని నడిపిన మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. రాజమండ్రి, తిరుపతి, కడప లాంటి ఊళ్ళకి తిరిగే ఏటీఆర్ విమానాల్ని ఇండిగో లాంటి పెద్ద కంపెనీ తన సొంత పైలట్లతోనే నడుపుతుంది. చాలాచోట్ల డ్యూటీకి కంపెనీ క్యాబ్ ఇంటికే వస్తుంది. కాబట్టి అమెరికా కథని ఉన్నదున్నట్టు ఇక్కడ అతికించలేం.

కానీ మూడు గడియారాలూ ఇక్కడా ఉన్నాయి. ఏటీఆర్ పైలట్ రోజుకి నాలుగైదు చిన్న ట్రిప్పులు వేస్తాడు. ప్రతిదానికీ ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్, అంటే పనిలో కష్టమైన భాగమే పదే పదే. 2024 జనవరిలో డీజీసీఏ కొత్త డ్యూటీ నియమాలు తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకి తగ్గాయి. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి, వాయిదాలు పడ్డాయి, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. చివరికి 2025 జులైలో కొన్ని, నవంబర్లో మిగతావి అమలయ్యాయి.

ఆ తర్వాతి నెల ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వరసగా రద్దయ్యాయి, ఒక్క 5వ తేదీనే వెయ్యికి పైగా. శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీద పడుకున్నారు. కొత్త నియమాలకి సరిపడా పైలట్లని లెక్కేసుకోకపోవడం దానికి పెద్ద కారణం. డీజీసీఏ ఆ కంపెనీకి కొన్ని నియమాల నుంచి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చింది. ఆ వారం మన గ్రూపుల్లో వచ్చిన మీమ్స్ అన్నీ రద్దయిన టికెట్ల మీదే. పైలట్ల విశ్రాంతి నియమాలు కాస్త బిగించేసరికి దేశంలో అతిపెద్ద ఎయిర్‌లైన్ తడబడిందంటే, అప్పటిదాకా అది ఎవరి నిద్ర మీద నడిచిందో అని అడిగినవాళ్ళు తక్కువ.

మనలో ఒకరిద్దరు బీటెక్ అయ్యాక పైలట్ అవ్వాలనుకుంటున్నారు. వాళ్ళు ప్యాకేజీ ఎంత అన్నదాంతో ఆగకండి. బేస్ ఎక్కడ, కనీసం ఎన్ని గంటలకి జీతం గ్యారంటీ, అలసిపోయానని చెబితే ఏమవుతుంది, ఈ మూడూ ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ళని అడగండి.

మిగతావాళ్ళం సాఫ్ట్‌వేర్‌లోకే పోతాం. ఏ పైలట్ ఏ విమానం ఎక్కాలో నిర్ణయించేది ఇప్పుడు కంప్యూటరే. ఆపరేషన్స్ రీసెర్చ్ సబ్జెక్టులో మనం చదివే ఇంటీజర్ ప్రోగ్రామింగ్‌కి పాఠ్యపుస్తకాల్లో ఉండే ఉదాహరణల్లో క్రూ షెడ్యూలింగ్ ఒకటి. ఖర్చు తగ్గించడం లక్ష్యం, డ్యూటీ గంటలూ విశ్రాంతి గంటలూ హద్దులు. పొద్దున నాలుక్కి లేచి జంప్ సీట్లో వచ్చిన మూడున్నర గంటలు ఆ మోడల్లో ఒక వేరియబుల్‌గా కూడా ఉండవు. రేపు ఆ కోడ్ రాసే కుర్చీలో మనలో ఎవరైనా కూర్చుంటే, హద్దులన్నీ సరిపోయి ప్రోగ్రాం ఆకుపచ్చ టిక్కు చూపించినప్పుడు, ఆ టిక్కు ఏ గడియారం చూసి పడిందో ఒకసారి చూసుకుంటే చాలు.